ఎలుగమ్మ గొంతు నాదే

కిందటి వారం ఖమ్మంలో కంటి దవాఖానాకు వెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేసి, ముప్పావు గంట కళ్ళు మూసుకుని కూర్చోమని ఒక బెంచీ చూపించారు. కళ్ళు మూసుకుంటే మనిషికి చెవులు పెద్దవవుతాయి. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో, ఎవరి షుగరు ఎంతకు చేరిందో అన్నీ నా చెవినే పడుతున్నాయి. ఇట్లాంటివి వినడం నాకు ఇష్టమే, అబద్ధమెందుకు. ఇంతలో పక్కన ఎవరి ఫోన్‌లోనుంచో ఒక ఆడగొంతు గయ్యిమన్నది. "ఏందయ్యో, పొద్దుగాల్నే తూలుకుంట వస్తున్నవ్? ఇటు రా! మూతి వాసన సూడనియ్!" బెంచీ మీద అందరూ నవ్వారు. ఆ గొంతు నాది. ఇరవై ఏళ్ళ కిందటిది, ఇంకా ఉబ్బసం పట్టని గొంతు. ఫోన్ పట్టుకున్నాయన నా మోచేతిని తట్టి, "సూడుండ్రి మేడమ్, ఎలుగుబంటి మొగుణ్ణి తిడుతాంది, మస్తుంటది" అన్నాడు. కళ్ళలో మందు పోశారయ్యా, చూడలేను అన్నాను. "అయితే ఇనుండ్రి" అని శబ్దం పెంచాడు. పారిపోదామంటే దారి కనబడదు, కాబట్టి మొత్తం విన్నాను. తర్వాత డాక్టరమ్మ లైటు వేసి చూసి, కళ్ళు ఇంత ఎర్రగా ఉన్నాయేంటి, చుక్కలు పడలేదా అని అడిగింది. పడలేదన్నాను.

ఆ సినిమా తీసింది మా బావ, అంటే మా అక్క మొగుడు. సీడీల కాలంలో ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఆయన్ను తెలియనివాళ్ళు తక్కువ. పేరు కాదు తెలిసింది, 'కామెడీ డైరెక్టర్' అన్న బిరుదు. వయసులో ఉండగా హైదరాబాదు పోయి మూడేళ్ళు ఎవరెవరి దగ్గరో అసిస్టెంటుగా తిరిగి, ఒక టోపీ, ఒక దగ్గు సంపాదించుకుని వచ్చాడు. వచ్చి ఫోటో స్టూడియో పెట్టాడు, పెళ్ళిళ్ళకు వీడియోలు తీశాడు. తాళి కట్టేటప్పుడు ఆయన కెమెరా పెళ్ళికొడుకు మీద ఉండేది కాదు. జీడిపప్పు ఏరుకుని తినే పురోహితుడి మీదో, కుర్చీలో నోరు తెరిచి నిద్రపోయే పిల్లతండ్రి మీదో ఉండేది. కొందరు తిట్టారు గానీ, తిట్టినవాళ్ళే ఆ ముక్క పదిసార్లు వేసుకుని చూశారు. దాంతో బావకు తన దారి తెలిసింది. ఒక టీ కొట్టాయన్ను హీరోగా పెట్టుకుని, మధిర నుంచి ఒక నాటకాలావిడను తెచ్చుకుని, తాగుబోతు మొగుడూ గయ్యాళి పెళ్ళామూ కథలు అరగంటవి, ముప్పావు గంటవి తీసేవాడు. పర్ణశాల పోయే యాత్రల బస్సుల్లో రాముడి పాట రెండుసార్లు వేశాక మూడోది మా బావ సీడీయే. భక్తులకు కూడా నవ్వు కావాలి కదా.

ఆయన పని తీరు ఒకటి చెప్పాలి. సీడీ అంగట్లోకి పోకముందు ఏదో ఒక వాడలో టీవీ పెట్టి పదిమందికి చూపించేవాడు. అందరూ టీవీకి ఎదురుగా కూర్చుంటే ఈయన టీవీ పక్కన స్టూలు వేసుకుని జనం వైపు తిరిగి కూర్చునేవాడు. ఒళ్ళో ఒక నోటుబుక్కు. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఆవులించారు, ముసలమ్మ నవ్విందా, పిల్లతల్లి నవ్విందా అని గీతలు పెట్టేవాడు. బొమ్మను ఒక్కసారి కూడా చూడడు. "బొమ్మ నేను తీసిందే కదా పిల్లా, దాన్నేం జూస్త? మొకాలు జూడాలె" అనేవాడు. నవ్వు పడని చోటును ఇంటికొచ్చి నిర్దాక్షిణ్యంగా కోసేసేవాడు. నేను ఆయన్ను దర్జీ బావ అని ఎగతాళి చేసేదాన్ని.

ఇట్లా నవ్వులు కోసి కుట్టుకునే మనిషికి అడవి పిచ్చి ఎట్లా పట్టిందంటే, అదీ ఒక షూటింగులోనే. ఏన్కూరు దాటి లోపలికి పోతే ఒక రాతిగుట్ట ఉండేది. ఏనుగంత బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండేవి, మధ్యలో గుహల్లాంటి గవులు, వాలులో ఇప్పచెట్లు, తునికిచెట్లు. కింద ముప్పై ఇళ్ళ కోయగూడెం. బీడీలకు తునికాకు కోసే రోజుల్లో అక్కడ ఏదో సీను తీస్తుంటే గవిలోనుంచి ఎలుగుబంటి బయటికొచ్చింది. హీరో చెప్పులు వదిలి పరుగెత్తాడు, నాటకాలావిడ కొంగు ముళ్ళకంపకు ఇచ్చి పరుగెత్తింది. బావ మాత్రం కెమెరా వెనక నిలబడే ఉన్నాడు. ధైర్యం కాదు, కాళ్ళు రాలేదని ఆయనే చెప్పాడు. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఎలుగు వీపు మీద రెండు పిల్లలున్నాయట. అవి బొచ్చు పట్టుకుని వేలాడుతూ వెనక్కి తిరిగి ఆయన్ను చూశాయట. అంతే, ఆ తర్వాత నాలుగేళ్ళపాటు కామెడీలకు మధ్యన దొరికిన ప్రతి రోజూ ఆ గుట్ట దగ్గరే. అక్క మాతో మొరపెట్టుకునేది. "సవతి ఉన్నా ఇంత బాధ లేకపోవు. దాని జుట్టు పట్టుకోని గుంజేదాన్ని. దీని జుట్టెట్ల పట్టుకుంటనే?"

గూడెం పెద్దాయనను మేమందరం తాత అనేవాళ్ళం. ఇంట్లో వాళ్ళ భాష, మాతో తెలుగు. గాలి ఏ వైపున ఉంటే ఎక్కడ కూర్చోవాలో, ఏ బండ వెనక దాక్కోవాలో బావకు నేర్పింది ఆయనే. ఆ గూడెంలో ఒక ఆచారం ఉండేది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే బుట్టలతో పోయి ఏరుకొచ్చేవారు. కానీ గవికి దిగువన ఉన్న ఒక చెట్టు కింది పువ్వును ఎవరూ ముట్టరు. అది ఎలుగు వాటా. ఎందుకని నేను అడిగితే తాత నన్నే తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఇంటి ఆడబిడ్డకు పెట్టకుండ మనమే తింటమా బిడ్డా?" అన్నాడు. ఆ మాట కూడా బావ రికార్డు చేసుకున్నాడు.

నేను ఒక్కసారే చూశాను. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరిన కొత్త, ఏదో సెలవు రోజు. చీకటి ఇంకా విడవకముందే పోయి బండ వెనక పడుకున్నాం. ఇప్పపువ్వు వాసన కడుపులో తిప్పేంత తియ్యగా ఉంది. వెలుతురు పడేసరికి చెట్టు కింద అది ఉంది, ఎప్పుడొచ్చిందో తెలియదు. పువ్వును ఊపిరితో లోపలికి పీలుస్తుంటే ఆ చప్పుడు మాదాకా వినిపించింది. ఆ ఏటి పిల్లలు రెండూ వీపు మీదనుంచి జారి, పువ్వు కోసం కొట్టుకుని, మళ్ళీ ఎక్కాయి. నేను ఏదో జోకు వేయబోతే బావ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నన్ను నేను మెచ్చుకోలేని విషయాల్లో ఇదొకటి, ఆ క్షణంలో నాకు నవ్వు వచ్చింది, ఆయన కళ్ళు చూసి.

ఇప్పుడు అసలు చెడ్డపనికి వస్తాను. అది నేను చేసిందే. ఆ ఏడాది ఉగాదికి కొత్త కామెడీ రావాలి. సీడీల సేటు కవర్లు కూడా అచ్చేయించాడు. అంతలో మన హీరోకు హైదరాబాదులో ఏదో సినిమాలో వేషం దొరికి, టీ కొట్టుకు తాళం వేసి పోయాడు. షూటింగు ఆగింది. సేటు రోజూ ఇంటికొచ్చి, కవర్లున్నయ్, లోపల ఏదో ఒకటి పెట్టి ఇయ్యమని పీక్కుతినడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నాలు తింటున్నాం. బావ దిగులుగా గుట్ట మీద తీసిన టేపు పెట్టుకుని చూస్తున్నాడు. తెర మీద ఆడ ఎలుగు గవి ముందు నిలబడి గాలి వాసన చూస్తోంది, అటుగా ఒక అడవిపంది వచ్చింది. నేను ముద్ద నోట్లో ఉండగానే, మా ఊరి గయ్యాళుల గొంతు పెట్టి అన్నాను, "ఏందయ్యో, పొద్దుగాల్నే తూలుకుంట వస్తున్నవ్? ఇటు రా! మూతి వాసన సూడనియ్!" అక్కకు పొలమారింది. సేటు కంచం పక్కకు పెట్టి మరీ నవ్వాడు. బావ నవ్వలేదు. మా మొహాల వైపు చూశాడు. తర్వాత లేచి పోయి నోటుబుక్కు తెచ్చుకున్నాడు.

మూడు మధ్యాహ్నాలు కిటికీలకు బొంతలు కట్టి డబ్బింగు చెప్పాం. ఎలుగు నేను, పంది బావ, కొండముచ్చు అక్క. నాలుగేళ్ళ టేపుల్లోనుంచి ముప్పావు గంట తీశాడు. నెమలి పోలీసు అయింది, ముళ్ళపంది కల్లు అమ్మింది. తాత ఆడబిడ్డ అన్న జీవిని మేము తాగుబోతుకు పెళ్ళాన్ని చేశాం. 'ఎలుగమ్మ కాపురం' అని పేరు పెట్టాం. బావ తీసినవాటిలో ఏదీ దాని కాలిగోటికి సరిరాలేదు. కేబుల్లో అదే, బస్సుల్లో అదే, కల్లు దుకాణాల దగ్గర అదే. సత్తుపల్లిలో ఏదో పెళ్ళికి పోతే, పెళ్ళికూతురి మేనత్త నా చేత ఆ మాట అనిపించాకే నాకు విస్తరి వేసింది. ఆఫీసులో మా సూపరింటెండెంటు గారు కూడా ఫైలు మీద సంతకం పెట్టేముందు, "ఏదీ ఒక్కసారి అనమ్మా" అనేవారు. అనేదాన్ని. గర్వంగా ఉండేది. ఎందుకుండదు? నా గొంతు నాకంటే ముందే ఊళ్ళు తిరుగుతోంది. గూడెంలో మాత్రం తాతకు ఇదేమీ తెలియదు. అక్కడికి కరెంటు స్తంభాలు వచ్చాయి గానీ తీగ రాలేదు. బావ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

బావ మాత్రం దాన్నొక అప్పుగా పెట్టుకున్నట్టున్నాడు. ఆ ఏడాదంతా కొత్త కామెడీ ఒప్పుకోలేదు. మిగిలిన టేపులన్నీ ముందేసుకుని గంట సినిమా చేశాడు. అందులో పాట లేదు, వ్యాఖ్యానం లేదు. గుట్ట, చెట్లు, ఎలుగు, మధ్యమధ్య తాత మాటలు, అంతే. ఎవరికీ చూపించలేదు. నోటుబుక్కు పట్టుకుని ఎవరి ముందూ కూర్చోలేదు. నవ్వుకు గీతలు పెట్టడం తెలిసిన మనిషికి, నవ్వు లేని సినిమాకు ఏం గీత పెట్టాలో తెలిసేది కాదేమో. అడిగితే "ఇది ఎవరికోసమో వాళ్ళే వస్తరులే" అనేవాడు.

వచ్చారు. మా ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. ఆ గుట్టను నల్లరాయి క్వారీకి ఒక కాంట్రాక్టరు అడిగాడు, గూడెం దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, ఏర్పాట్లు మావి. దానికి జతచేసిన నివేదికను నేనే నాలుగు కాపీలు తీశాను. 'సదరు గుట్టపై చెప్పుకోదగిన వన్యప్రాణులు లేవు' అని ఒక వాక్యం. నాకు ఒళ్ళు మండింది. ఆఫీసు వదలగానే బావ దగ్గరికి పరుగెత్తాను. నీ సినిమా చూపించు బావా, అంతమంది ఆఫీసర్ల ముందు చూపిస్తే ఆ వాక్యం ఎట్లా నిలుస్తుంది అన్నాను. ఆయన టేపుల పెట్టె మూత తీసి, మళ్ళీ వేశాడు. "అండ్ల ఎలుగు వస్తది కదా పిల్లా" అన్నాడు చివరికి. "వస్తే?" "జనం ఆ సీడీ జూసిండ్రు." నేను కసిరాను. "సీడీ వేరు, ఇది వేరు. జనానికి ఆమాత్రం తెల్వదా బావా?" నాకు జనం గురించి తెలుసనుకున్నాను. జనం మొహాలే చదివి బతికిన మనిషికి పాఠం చెప్పాను.

ఆ రోజు గూడెం ముందర షామియానా వేశారు. జిల్లా నుంచి పెద్దాఫీసరు, కాంట్రాక్టరు మనుషులు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పని దొరుకుతుందని వచ్చిన కూలీలు, గూడెం వాళ్ళందరూ. బావ జనరేటరు, పెద్ద టీవీ తెచ్చుకున్నాడు. ముందు తాత లేచి మాట్లాడాడు. "గుట్టమీద ఏం లేదని కాగితంల రాసిండ్రంట. కాగితం రాసినోళ్ళు గుట్ట ఎక్కలే. మా ఆడబిడ్డ మాకన్న ముందునుంచి ఈడ్నే ఉన్నది. ఇగో, టీవీల వస్తది, మీ కండ్లతోటి సూడుండ్రి." పెద్దాఫీసరు మంచాయనే, అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. బావ అలవాటు ప్రకారం టీవీ పక్కన స్టూలు వేసుకుని జనం వైపు తిరిగి కూర్చున్నాడు. బండలు కనిపించాయి, ఇప్పపువ్వు రాలింది, తాత గొంతు వినిపించింది. ఎవరూ కదల్లేదు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు గవిలోనుంచి ఎలుగు బయటికొచ్చి, పిల్లల్ని వీపు మీద మోస్తూ నిలబడి, మూతి పైకెత్తి గాలి వాసన చూసింది.

వెనకనుంచి ఎవరో అన్నారు, "మూతి వాసన సూడనియ్!"

షామియానా ఊగిపోయింది. కూలీలు నవ్వారు, కానిస్టేబుళ్ళు నవ్వారు, పెద్దాఫీసరు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఏన్కూరు హోటళ్ళలో ఆ సీడీ చూసిన గూడెం కుర్రవాళ్ళు కూడా తలలు వంచుకుని నవ్వారు. తెర మీద అది ఏం చేసినా నవ్వే. పిల్ల జారిపడితే నవ్వు, పువ్వు పీలిస్తే నవ్వు. నేనూ నవ్వాను. ఆపుకోబోయాను, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు అదిరేలా నవ్వాను, అందరూ నా మాటకు నవ్వుతున్నారని లోపల ఎక్కడో ఒక సంతోషం కూడా ఉంది. తలెత్తి చూస్తే బావ నన్నే చూస్తున్నాడు. నోటుబుక్కు ఒళ్ళో మూసే ఉంది.

కాంట్రాక్టరు మనిషి నవ్వుతూనే లేచాడు. "సార్, ఈ సినిమా మా ఇంటిల్లిపాది జూసినం. శాన మంచిగుంటది. కాని ఇది కామెడీ సార్. సారు పెద్ద కామెడీ డైరెక్టర్. ఎలుగును ఏ సర్కస్‌ల తీసిండో ఏమో! దీన్ని సాక్ష్యమంటే ఎట్ల?" మళ్ళీ నవ్వు. బావ లేచి టీవీ ఆపేశాడు. తాత ఒక్కడే అయోమయంగా చుట్టూ చూసి, "ఎందుకు బంద్ జేసినవ్ బిడ్డా? పిల్లలు పాలు తాగేది ఇంక రాలే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "గంత నవ్వొచ్చేది ఏమున్నదండ్ల?" అని అడిగాడు. ఎలుగమ్మ గొంతు పెట్టి ఊళ్ళన్నీ నవ్వించిన నేను, కుర్చీలు లెక్కపెట్టుకునే నెపంతో ఆ ముసలాయన ముందునుంచి లేచి పోయాను. మరునాడు ఆఫీసులో సమావేశం వివరాలు టైపు చేసింది కూడా నేనే. 'ఈ సందర్భముగా ఒక వినోదాత్మక చిత్రము ప్రదర్శింపబడినది.' తప్పులు లేకుండా టైపు చేశాను.

క్వారీ వచ్చింది. మందుగుండు పేలుళ్ళకు మొదటి నెలలోనే ఎలుగు ఎటో పోయింది, పిల్లలు వెంట ఉన్నాయో లేవో చూసినవాళ్ళు లేరు. గూడెం ఆడవాళ్ళు రెండేళ్ళు ఆ చెట్టు కింది పువ్వును అట్లాగే వదిలేశారు. మూడో ఏడు ఏరుకున్నారు. తాత మాత్రం మా గడప తొక్కలేదు. సీడీ సంగతి ఎవరో చెప్పి ఉంటారు. సేటు రెండో భాగం తీయమని బావ చుట్టూ ఏడాది తిరిగాడు, కానీ బావ ఆ తర్వాత ఏదీ తీయలేదు. స్టూడియోలో జిరాక్సు మిషను పెట్టి, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ బతికాడు. ఫోటోకు వచ్చినవాళ్ళను నవ్వనిచ్చేవాడు కాదట. గంట సినిమా టేపులు పెట్టెలోనే బూజు పట్టిపోయాయి. అక్క ఒక వర్షాకాలం తుడిచి ఎండబెట్టింది గానీ, అప్పటికే వాటిలో ఏమీ మిగల్లేదు. మిగిలింది 'ఎలుగమ్మ కాపురం' ఒక్కటే. దానికి చావు లేదు.

బావ పోయేముందు నెలరోజులు మంచం మీద ఉన్నాడు. ఒక సాయంత్రం అక్క ఇంట్లో లేనప్పుడు అడిగాను, అన్నేళ్ళు దాచుకున్నది. "బావా, ఆ రోజు షామియానాల నేను నవ్విన. నువ్వు సూసినవా?" ఆయన కళ్ళు తెరవలేదు. "సూసిన" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, మళ్ళీ అన్నాడు. "మంచిగ నవ్వినవ్ పిల్లా. నవ్వాల్సిన కాడ్నే నవ్వినవ్. అయ్యాల నా బొమ్మల ఒక్క నవ్వు గుడ తప్పు కాడ పడలే." కోపం ఉంటే బాగుండేది. మెచ్చుకున్నాడు, డైరెక్టరు ఆర్టిస్టును మెచ్చుకున్నట్టు. నేను ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆయన పట్టించుకోలేదు.

ఆ గుట్ట ఎన్ని యుగాలుగా అక్కడ నిలబడిందో నాకు తెలియదు, అది నేలమట్టం కావడానికి మాత్రం ఐదేళ్ళు పట్టింది. మేము నవ్వింది రెండు నిమిషాలు కూడా ఉండదు. కాలం అన్నిటినీ దాటిస్తుందంటారు, నాకు మాత్రం ఆ రెండు నిమిషాలే ఇంకా గడవలేదు.